పాత ఫోటోల పెట్టె కోసం కొన్న ఫ్లాట్‌బెడ్ స్కానర్: ఎనిమిది నెలలు వాడాక

మొదటే చెప్పేస్తున్నా. ఈ స్కానర్ నెమ్మదిగా పనిచేస్తుంది, బల్ల మీద సగం చోటు తినేస్తుంది, దాంతోపాటు వచ్చిన సాఫ్ట్‌వేర్ బాగా విసిగిస్తుంది. అయినా రేపు ఇది పాడైతే మళ్ళీ ఇలాంటిదే కొంటాను. ఫోన్‌తో పది సెకన్లలో అయ్యే పనికి ఇంత పెద్ద యంత్రం ఎందుకని ఇంట్లో అందరూ అడిగారు, కొనేముందు నాకూ అదే సందేహం ఉండేది. ఎనిమిది నెలల్లో సుమారు 640 ప్రింట్లు, నలభై దాకా నెగటివ్ స్ట్రిప్పులు దీని మీద పెట్టి తీశాక ఇప్పుడు నా దగ్గర ఒక జవాబు ఉంది, అందుకే ఈ రివ్యూ ఇంత పొడుగు.

కంపెనీ పేరు రాయడం లేదు. ఒకే రకం యంత్రాలు అన్ని కంపెనీలూ చేస్తున్నాయి, మీరు చూసుకోవాల్సింది పేరు కాదు, రకం. నాది ఫ్లాట్‌బెడ్, అంటే గ్లాసు మీద ఫోటోని బోర్లించి మూత వేసి తీసేది, లోపల బొమ్మని చదివే సీసీడీ అనే రకం సెన్సర్, మూతలో ఫిల్మ్ కోసం విడిగా ఒక లైటు. పాత ఫోటోలకి ఈ మూడూ కావాలి, ఎందుకో కింద ఒక్కొక్కటిగా వస్తుంది.

నాన్న పోయాక ఆయన అలమారా పైఅరలో ఒక రేకు పెట్టె దొరికింది. నిండా ఫోటోలు. మా ఇంట్లో ఫోటోలు తీసేది ఎప్పుడూ నాన్నే, కాబట్టి ఆ పెట్టెలో అమ్మ ఉంది, నేను ఉన్నాను, తమ్ముడు ఉన్నాడు, మేము అద్దెకున్న ఇళ్ళన్నీ ఉన్నాయి, చెట్లు, మెట్లు, వానకి తడిసిన పెరడు, ఎవరిదో సైకిలు కూడా ఉంది. నాన్న మాత్రం లేరు. లెక్కపెట్టి చూశాను, అన్ని ఫోటోల్లో ఆయన కనిపించేది పదకొండింటిలో. అందులో సగం ఆఫీసు గ్రూపు ఫోటోలు, మూడో వరసలో తల మాత్రమే. నేను ఈ పనికి దిగింది నాన్న కోసం, అది ముందే చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

మొదట ఫోన్‌తోనే మొదలుపెట్టాను. 2016లో గూగుల్ తెచ్చిన ఫోటోస్కాన్ లాంటి యాప్‌లు ఒకే ఫోటోని నాలుగైదు చోట్ల నుంచి తీయించి, వాటన్నిటినీ కలిపి, మీద పడే మెరుపుని తీసేస్తాయి. చాలా మంచి ఉపాయం. బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు గోడ మీద ఉన్న ఫోటోని దించకుండానే తీసుకోవాలంటే నేను ఇప్పటికీ అదే వాడతాను. కానీ పెట్టెలో ఉన్నవాటిలో చాలా ఫోటోలు అరచేతిలో పట్టేంత చిన్నవి. వాటిని ఫోన్‌తో తీస్తే ఫోటో వచ్చింది అనిపిస్తుంది గానీ, వేళ్ళతో పెద్దది చేసి చూడబోతే మొహాలు మెత్తగా కరిగిపోతాయి. గది లైటు పసుపు కూడా ఫోటోలోకి దిగుతుంది, ఆ పసుపు పాత కాగితానిదో మన బల్బుదో తర్వాత ఎవరికీ తెలియదు. రెండు వారాలు చేసి ఆపేశాను.

స్కానర్ దగ్గరికి వద్దాం. చవక ఫ్లాట్‌బెడ్లలో సీఐఎస్ అనే పల్చటి సెన్సర్ ఉంటుంది, అది గ్లాసుకి పూర్తిగా అతుక్కుని ఉన్నదాన్నే స్పష్టంగా చూడగలదు. పాత ఫోటోలు అలా ఉండవు కదా, అంచులు పైకి లేచి, మధ్యలో వంగి ఉంటాయి. సీసీడీ సెన్సర్ ఉన్నవి గ్లాసుకి కొంచెం పైన ఉన్నదాన్ని కూడా చదువుతాయి. వంగిన ఫోటోని బలంగా నొక్కితే పైపొర పగులుతుంది, నేను ఒకటి అలా పాడుచేసుకున్నాను, దయచేసి మీరు చేయకండి. మూత మెల్లగా వాల్చి వదిలేస్తే చాలు.

రిజల్యూషన్ విషయంలో పెట్టె మీద రాసిన పెద్ద పెద్ద అంకెలు నమ్మి ఆయాసపడక్కర్లేదు. మామూలు సైజు ప్రింటుకి 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు, సరిపోతుంది. నాలుగు అంగుళాలు ఇంటూ ఆరు అంగుళాల ఫోటో అలా తీస్తే 2400 ఇంటూ 3600 పిక్సెల్స్ వస్తుంది, ఏ వివరమూ పోకుండా దాచే టిఫ్ ఫైలుగా దాదాపు 26 ఎంబీ. ఎన్‌లార్జర్ కింద పెద్దది చేసిన ప్రింటులో అంతకు మించి తవ్వినా కాగితపు నూగే కనిపిస్తుంది. కానీ నెగటివ్ ఎంత ఉందో అంతే సైజులో తీసిన కాంటాక్ట్ ప్రింట్లు వేరు. పాత బాక్స్ కెమెరాల్లో 120 ఫిల్మ్ వేసేవాళ్ళు, నెగటివే ఆరు సెంటీమీటర్లు ఇంటూ తొమ్మిది ఉండేది, దాన్ని కాగితం మీద నేరుగా పెట్టి ప్రింటు వేసేవాళ్ళు. అలాంటివాటికి 1200 పెట్టండి, ఆ చిన్న కాగితంలో మనం కంటితో ఎప్పుడూ చూడనివి ఉంటాయి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న ఫోటో.

అమ్మ ఒక్కతే నిలబడి ఉన్న ఫోటో అది, పెళ్ళయిన కొత్తలో, వెనక పెన్సిల్‌తో 74 అని ఉంది. చిన్నప్పటి నుంచి ఫ్రేములో చూస్తున్నదే. గుమ్మం ముందు నిలబడి, ఎండకి కళ్ళు కొంచెం చికిలించి, నవ్వాలా వద్దా అన్నట్టు ఉంటుంది. ఆ ఫ్రేములో చుట్టూ అట్ట కత్తిరించి పెట్టారు, దాంతో అమ్మ మోకాళ్ళ వరకే కనిపించేది. స్కాన్ చేయడానికి ఫ్రేము వెనక మేకులు తీసి, అట్ట తీసి, ఫోటోని బయటికి తెచ్చాను. (ఇక్కడ ఒక మాట. ఫోటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయి ఉంటే లాగకండి, పొర అద్దంతోనే వచ్చేస్తుంది. అద్దంతో సహా స్కానర్ మీద బోర్లించి తీసుకోండి, సీసీడీ ఉంటే అది కూడా పర్వాలేదనిపించేలా వస్తుంది.) మాది అతుక్కోలేదు. అట్ట కింద యాభై ఏళ్ళుగా దాగి ఉన్న భాగం బయటపడింది. నేల. నేల మీద ఒక నీడ.

సూర్యుణ్ణి మీ వీపు వెనక పెట్టుకోండి అని ఆ రోజుల్లో ఫోటో తీసేవాళ్ళందరికీ చెప్పేవాళ్ళు. సాయంత్రం ఎండలో అలా నిలబడితే తీసేవాడి నీడ పొడుగ్గా సాగి బొమ్మలోకి వచ్చేస్తుంది, పాత ఫోటోల్లో ఇది ఎంత మామూలో మీ ఆల్బమ్ తీసి చూడండి, ఒక్కటైనా దొరుకుతుంది. బాక్స్ కెమెరాని పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న చిన్న అద్దంలోకి చూసి తీయాలి. ఆ నీడ అచ్చం అలాగే ఉంది. రెండు మోచేతులు చెరో పక్కకి, తల వంచుకుని, ఊపిరి బిగబట్టినవాడిలా. ఆ నీడ తల సరిగ్గా అమ్మ పాదాల దగ్గరికి వచ్చి ఆగింది. 1200లో తీసి తెర నిండా పెట్టుకుని చూస్తే చెవి వంపు కూడా తెలుస్తోంది. నాన్న చెవులు కొంచెం బయటికి ఉండేవి.

నేను ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. ఈ ఫోటో నాకు ఇన్నేళ్ళూ అమ్మ ఫోటో. అమ్మ కళ్ళు చికిలించింది ఎండకి అనుకున్నాను, ఎండ ఎదురుగా ఉంది కాబట్టి అది నిజమే, కానీ ఆ నవ్వాలా వద్దా అన్న మొహం ఎవరిని చూసో అప్పుడు తెలిసింది. ప్రతి పాత ఫోటోలో ఇంకొక మనిషి ఉంటాడు, వాడు ఎక్కడ నిలబడ్డాడో, ఎంత దగ్గరగా వచ్చాడో, వంగాడో కూర్చున్నాడో అంతా బొమ్మలోనే రాసి ఉంటుంది. ఆ తర్వాత పెట్టెలో ఫోటోలన్నీ మళ్ళీ మొదటి నుంచి చూశాను. తమ్ముడు పాకుతున్న ఫోటో నేల మట్టంలో ఉంది, అంటే నాన్న బోర్లా పడుకుని తీశారు. నా స్కూలు మొదటి రోజు ఫోటో బాగా దూరం నుంచి ఉంది, నేను ఏడుస్తున్నాను, ఆయన దగ్గరికి రాలేదు, వస్తే నేను లోపలికి వెళ్ళనని కావచ్చు. పదకొండు ఫోటోల్లోనే ఉన్నారనుకున్న మనిషి 640లోనూ ఉన్నారు.

మొట్టమొదట మనిషి కనిపించిన ఫోటో అంటారే, 1838లో ప్యారిస్‌లో ఫోటోగ్రఫీ ఆద్యుల్లో ఒకడైన డాగేర్ తీసిన ఒక వీధి ఫోటో, అది చాలామంది చూసే ఉంటారు. బాగా రద్దీగా ఉండే వీధి, కానీ ఫోటోలో ఖాళీగా కనిపిస్తుంది. కెమెరాలోని పలక మీద వెలుగుని నిమిషాల కొద్దీ పడనివ్వాల్సి వచ్చేది కాబట్టి నడిచేవాళ్ళు, బండ్లు, గుర్రాలు ఏవీ పలక మీద నిలవలేదు. బూట్లకి పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒకాయన మాత్రం మిగిలాడు. అంతకు పదేళ్ళకి పైగా ముందు, 1826 లేదా 27లో, ఆ ఆద్యుల్లోనే ఇంకొకడైన నియెప్స్ తన కిటికీలోంచి తీసిన బొమ్మలో ఇంకా విచిత్రం, గంటల తరబడి వెలుగు పడటంతో ఎండ రెండు వైపుల గోడల మీదా ఉన్నట్టు ఉంటుంది, అంటే అది ఒక క్షణం కాదు, కనీసం ఒక పగలు. ఫోటో అంటే ఒక క్షణాన్ని పట్టుకోవడం అని మనం తేలిగ్గా అనేస్తాం. మొదటి నుంచీ అది ఎవరు కదలకుండా ఉన్నారో వాళ్ళ లెక్కే. మా ఇంట్లో నాన్న కెమెరా ముందు ఎప్పుడూ నిలబడలేదు, అందుకే మాకు ఆయన నీడ మిగిలింది.

సరే, ఇక రంగుల సంగతి. ఈ స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో వెలిసిన రంగులు తిరిగి తెచ్చే ఒక బటన్ ఉంది. దీని గురించి నాకు ఇప్పటికీ రెండు మనసులు.

మా చిన్నప్పటి రంగుల ఫోటోలన్నీ ఎర్రటి నారింజ ఛాయలో ఉంటాయి. ఎన్నో ఏళ్ళుగా నా బాల్యం నాకు ఆ రంగులోనే గుర్తు, మేమున్న రెండో ఇంటి పెరడు అనగానే సాయంత్రపు వెలుగు, గులాబీ రంగు గోడ. బటన్ నొక్కి, కాస్త స్లైడర్లు కదిపాను. గోడ లేత నీలం అయింది. చెట్టు పచ్చగా మారింది. ఆకాశం వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఎక్కువ చేసిందేమో అనుకుని అమ్మని పిలిచి చూపిస్తే, "అవునే, ఆ గోడ నీలమే, నేనే దగ్గరుండి వేయించాను" అంది. అదే రోల్ నెగటివ్ తీసి చూస్తే అందులోనూ నీలమే. జరిగింది ఇది: ఆ కాలపు రంగుల ప్రింట్లలో మూడు రంగుల అద్దకాలు ఉంటాయి, సయాన్, మజెంటా, పసుపు. 70లు, 80ల తొలి సంవత్సరాల్లో వాడిన చాలా కాగితాల్లో సయాన్ అన్నిటికంటే బలహీనం, ఆల్బమ్‌లో మూసిపెట్టి చీకట్లో ఉంచినా అదే ముందు పోతుంది. సయాన్ పోతే మిగిలేది ఎరుపే. వెలుగులో, గోడ మీద వేలాడదీసినవాటిలో మాత్రం తరచుగా మజెంటా ముందు వెలుస్తుంది, అందుకే ఒకే ఫోటో రెండు కాపీలు ఒకటి ఎర్రగా, ఒకటి ఆకుపచ్చగా మారడం కూడా చూడొచ్చు.

అంటే నా బాల్యపు సాయంత్రాలు మధ్యాహ్నాలు. నాకు ఆ ఇల్లంటే ఉన్న బెంగలో కొంత భాగం ఒక రసాయనం వెలిసిపోవడం వల్ల వచ్చింది. ఇది తెలిసి బాధపడ్డానా అంటే, ఒక పూట పడ్డాను. తర్వాత ఆ నీలం గోడ ఫోటో ఎదురుగా పెట్టుకుంటే వేరే విషయాలు గుర్తొచ్చాయి, ఆ గోడకి వీపు ఆనిస్తే చల్లగా ఉండేదని, మధ్యాహ్నం నిద్ర పట్టక నేనూ తమ్ముడూ అక్కడే ఆడేవాళ్ళమని. ఇవి గులాబీ గోడలో లేవు. కాబట్టి ఆ బటన్ వాడండి, కానీ ముందు ఫోటోని ఉన్నది ఉన్నట్టు, అన్ని ఆటోమేటిక్ సవరణలూ ఆపేసి, ఒక టిఫ్‌గా తీసి దాచాకే. నేను రెండూ ఉంచుకున్నాను. ఎర్రది కూడా నాదే, నలభై ఏళ్ళు దాన్నే చూసి పెరిగాను.

ఫిల్మ్ లైటు గురించి. మూతలో లైటు లేని స్కానర్ కొంటే నెగటివ్‌లు తీయలేరు, పాత ఫోటోలు ఉన్న ఇంట్లో నెగటివ్‌లు ఉండటానికి చాలా అవకాశం ఉంది, అవి పారేయకుండా వెతకండి. 35 ఎంఎం ఫ్రేము 24 ఇంటూ 36 మిల్లీమీటర్లే కాబట్టి 2400 డీపీఐ దగ్గర నుంచి మొదలుపెట్టాలి. నాది అక్కడ ఒక్కో ఫ్రేముకి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది, దుమ్ము తీసే ఇన్‌ఫ్రారెడ్ ఆప్షన్ పెడితే ఇంకా ఎక్కువ. ఆ ఆప్షన్ రంగుల నెగటివ్‌లకి అద్భుతంగా పనిచేస్తుంది, ఇన్‌ఫ్రారెడ్ వెలుగు రంగుల అద్దకాల గుండా వెళ్ళిపోయి దుమ్ము దగ్గర, గీతల దగ్గర మాత్రం ఆగుతుంది కాబట్టి ఏది దుమ్మో యంత్రానికి తెలుస్తుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కి పెట్టకండి. అందులో బొమ్మ ఉన్నదే వెండితో, వెండి ఇన్‌ఫ్రారెడ్‌ని కూడా ఆపుతుంది, దాంతో యంత్రం బొమ్మనే దుమ్మనుకుని చెరిపేస్తుంది. నాకు తెలియక ఒక రోల్ మొత్తం అలా తీసి, మళ్ళీ తీశాను. స్ట్రిప్పులు పెట్టే ప్లాస్టిక్ హోల్డర్ పల్చగా, నాసిగా ఉంది, ఒక క్లిప్పు రెండో నెలలోనే విరిగింది.

కానీ నెగటివ్‌లలో దొరికినవి చూస్తే ఆ విరిగిన క్లిప్పు గుర్తు రాదు. అప్పట్లో అన్ని ఫ్రేములూ ప్రింటు వేయించేవాళ్ళు కాదు, బాగున్నవి ఎంచుకుని వేయించేవాళ్ళు. ఆల్బమ్‌లో ఉన్నవన్నీ అందరూ సర్దుకుని, జుట్టు దువ్వుకుని, కెమెరాని చూస్తున్న ఫోటోలు. వాటికి ముందు ఫ్రేము, తర్వాత ఫ్రేము నెగటివ్‌లోనే ఉండిపోయాయి. అమ్మ కళ్ళు మూసుకుని పగలబడి నవ్వుతున్నది ఒకటి ఉంది, ఎవరో ఏదో అన్నట్టున్నారు, తమ్ముడు ఫ్రేములోంచి పారిపోతున్నాడు, వాడి వీపు సగమే ఉంది. బాగా రాలేదని పక్కన పెట్టిన ఫోటో. మా అమ్మ అలా నవ్వగా నేను చూసి చాలా ఏళ్ళయింది. ఆల్బమ్ చూసి పెరిగిన మనకి మన పెద్దవాళ్ళు ఎప్పుడూ గంభీరంగా, నిటారుగా ఉండేవాళ్ళని ఒక నమ్మకం ఉంటుంది కదా, అది వాళ్ళ స్వభావం కాదు, ఎంపిక. ఏవి ప్రింటు వేయించాలో ఎవరో తేల్చారు, అంతే.

ఇక కోపం తెప్పించినవి. సాఫ్ట్‌వేర్‌లో ఆటో క్రాప్ అని ఒకటి మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది, ఫోటో అంచులు తనే వెతికి కత్తిరిస్తుంది. పాత ప్రింట్లకి తెల్ల అంచు ఉంటుంది, ఆ అంచుని ఇది ఖాళీ జాగా అనుకుని తీసేస్తుంది. కొన్ని ప్రింట్లకి ఆ తెల్ల అంచు మీదే నెల, సంవత్సరం అచ్చేసి ఉంటుంది. నేను గమనించేసరికి ఎనభై ఫోటోలు తేదీలు పోగొట్టుకుని ఉన్నాయి, అన్నీ మళ్ళీ తీశాను. దయచేసి మొదటి రోజే అది ఆపేయండి, చుట్టూ కొంచెం గ్లాసు కూడా కనిపించేలా వదిలి తీయండి. ఇంకొకటి, సాఫ్ట్‌వేర్ మధ్యలో ఆగిపోతుంది, వారానికి ఒకసారైనా. గ్లాసు కింది వైపు ఒక రకం పొగలాంటి మసక పేరుకుంది, అది పైనుంచి తుడిస్తే పోదు, విప్పాలంటే భయం. గరుకుగా, తేనెపట్టులా ఉండే కాగితం మీద ప్రింటు చేసిన ఫోటోలకి ఆ గళ్ళన్నీ స్కాన్‌లో మెరుస్తూ కనిపిస్తాయి, ఒకసారి మామూలుగా, ఒకసారి ఫోటోని తలకిందులుగా తిప్పి తీసి, రెంటినీ ఎడిటింగ్‌లో ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి సగం సగం కలిపితే చాలావరకు తగ్గుతాయి. ఓపిక కావాలి.

వెనక వైపు కూడా స్కాన్ చేయండి. ఇది నేను ఎవరికైనా చెప్పే మొదటి మాట. స్టూడియో ముద్ర, పెన్సిల్ గీతలు, ఎవరికి పంపాలో రాసుకున్న పేర్లు, చేతిరాత. నాన్న ఒక ఫోటో వెనక తేదీ ఏమీ రాయకుండా "గాలి బాగా ఉంది" అని మాత్రం రాశారు. ముందు వైపు చూస్తే అమ్మ జుట్టు మొహం మీదికి ఎగురుతోంది, ఏ ఊరో ఏ సంవత్సరమో తెలియదు, కానీ ఆ రోజు గాలి ఉందని మాత్రం మాకు తెలుసు.

తేదీల గురించి మీరు పట్టించుకోకపోతే ఇంకో ఇబ్బంది వస్తుంది. స్కాన్ చేసిన ఫైలులో తీసిన తేదీగా ఈ రోజు తేదీ పడుతుంది. ఫోన్‌లోకి ఎక్కించగానే 1974 నాటి అమ్మ పోయిన మంగళవారం తీసిన ఫోటోల మధ్య వచ్చి నిలబడుతుంది. ఫైలుతో పాటు దాగి ఉండే వివరాల్లో, అంటే మెటాడేటాలో, తీసిన తేదీని మార్చాలి, కచ్చితంగా తెలియకపోతే సంవత్సరం వేసి, వివరం రాసే చోట సుమారు అని రాయాలి. నేను అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఈ పని చేశాను. అమ్మ సంవత్సరాలు చెప్పలేదు. "ఇది పై వాటాలో ఉన్నప్పుడు", "ఇది నీ జ్వరం తగ్గాక", "ఇది మీ నాన్నకి ఉత్తరం రాకముందు" అనేది. ఆమెకి కాలం అంటే ఇళ్ళు, జ్వరాలు, ఉత్తరాలు. వాటిని అంకెల్లోకి మార్చడం నా పని అయింది, మారుస్తూనే ఆమె అన్న మాటలు కూడా అక్షరం పొల్లు పోకుండా వివరంలో రాశాను, ఎందుకంటే 1981 అన్న అంకె కంటే పై వాటాలో ఉన్నప్పుడు అన్నదే నాకు ఎక్కువ చెబుతుంది.

ఇప్పుడు, స్కాన్ అయ్యాక అందరూ చేసే పని ఒకటి ఉంది, నేనూ చేశాను, దాని గురించి గట్టిగానే చెప్పాలి. పాత ఫోటోలని ఏఐతో బాగుచేసే యాప్‌లు. పేరు అక్కర్లేదు, ఒకటి వేసుకుని ఆ నీడ ఉన్న ఫోటోని అందులో పెట్టాను. అర నిమిషంలో మెరిసిపోయే ఫోటో వచ్చింది. గీతలు పోయాయి, రంగులొచ్చాయి, కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. సంతోషంగా అమ్మకి చూపించాను. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇదెవరే?" అంది. నువ్వేనమ్మా అన్నాను. "నేను కాదు" అంది, ఫోన్ నా చేతిలో పెట్టేసింది.

మళ్ళీ రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. అమ్మ పై పెదవికి ఒక పక్క చిన్న వంకర ఉంది, దాన్ని యాప్ సరిచేసింది. గడ్డం దగ్గర పుట్టుమచ్చని మరక అనుకుని తీసేసింది. కళ్ళు చికిలించినవి విప్పారాయి. కింద నేల శుభ్రంగా, ఖాళీగా ఉంది. నీడ లేదు. దాన్ని లోపం అనుకుని చెరిపేసింది.

ఇలాంటి యాప్‌లు చేసేది ఫోటోలో ఉన్నదాన్ని బయటికి తీయడం కాదు. మసకగా ఉన్న చోట తాను నేర్చుకున్న లక్షల మొహాల నుంచి ఒక మొహాన్ని ఊహించి అక్కడ గీయడం. గీసింది అందంగా ఉంటుంది కాబట్టి మనం నమ్ముతాం, ప్రమాదం అక్కడే. 2002లో కింబర్లీ వేడ్, మేరియన్ గ్యారీ తదితర మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన చేశారు, ఇరవై మందికి వాళ్ళ చిన్నప్పటి ఫోటోలు చూపించి, వాటి మధ్య వాళ్ళు ఎప్పుడూ ఎక్కని వేడిగాలి బెలూన్‌లో ఉన్నట్టు మార్చిన ఒక దొంగ ఫోటో పెట్టారు. ఒకటి రెండు వారాల్లో మూడుసార్లు కూర్చోబెట్టి అడిగేసరికి, సగం మందికి ఆ బెలూన్ ప్రయాణం పూర్తిగానో కొంతగానో గుర్తొచ్చింది. జరగనిది. ఒక ఫోటో చాలు, మన జ్ఞాపకం దాని చుట్టూ అల్లుకుంటుంది. మా అమ్మ ఇంకా ఉంది కాబట్టి నేను కాదు అని చెప్పగలిగింది. నాన్న పదకొండు ఫోటోల్లో ఆఫీసు గ్రూపులో వేలిగోరంత మొహం ఉంది, దాన్ని ఆ యాప్‌లో పెట్టి ఉంటే చక్కటి మొహం ఒకటి వచ్చేది, కాదని చెప్పడానికి ఆయన లేరు, పదేళ్ళ తర్వాత నాకు నాన్న అంటే ఆ మొహమే గుర్తొచ్చేది. అందుకే పెట్టలేదు. ఆ యాప్ తీసేశాను. చిరుగులు అతకడానికి, మరకలు తీయడానికి ఓపికగా చేత్తో ఎడిటింగ్ చేసుకోవచ్చు, మొహాల జోలికి మాత్రం వెళ్ళకండి.

ఈ స్కానర్ నాకు నచ్చడానికి కారణం ఇదే. దానికి ఏది ముఖ్యమో తెలియదు. అమ్మ మొహాన్ని ఎంత శ్రద్ధగా చదువుతుందో గుమ్మం పక్కన పడి ఉన్న బకెట్టునీ అంతే శ్రద్ధగా చదువుతుంది, నీడని, మరకని, మూల చిరుగుని, వేలిముద్రని కూడా. ఏది ఉంచాలో తర్వాత మనం చూసుకోవచ్చు.

కొనేవాళ్ళకి మిగతావి త్వరగా. వంద లోపు ఫోటోలుంటే కొనకండి, ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి లేదా సర్వీసుకి ఇవ్వండి, ఇచ్చేముందు ఆటో క్రాప్ వద్దు, వెనక వైపు కూడా కావాలి అని రాసి ఇవ్వండి. జిగురు గీతల మీద ప్లాస్టిక్ కాగితం కప్పే ఆల్బమ్‌లలో ఉన్న ఫోటోలని వీలైనంత త్వరగా బయటికి తీయండి, ఆ జిగురు ఫోటోల్ని తినేస్తుంది, రాకపోతే పళ్ళ మధ్య తోముకునే దారం ఉంటుంది కదా, మైనం పూయనిది, దాన్ని ఫోటో కింద నుంచి మెల్లగా రంపంలా లాగితే విడిపోతుంది. బ్లాక్ అండ్ వైట్ ఫోటోల ముదురు భాగాల్లో అద్దంలా నీలంగా మెరుస్తుంటే అది వెండి పైకి తేలడం, తుడవకండి. ఫైళ్ళు మూడు కాపీలు ఉంచండి, రెండు వేర్వేరు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట. స్కాన్ అయిపోయింది కదా అని అసలు ఫోటోలు పారేయకండి. ఆమ్లం లేని కాగితపు కవర్లలో, చల్లగా, పొడిగా ఉండే చోట పెట్టండి, వేడెక్కే అటక మీద కాదు.

పోయిన నెల ఆ ఫోటోని అట్ట లేకుండా, నేలతో సహా, పెద్ద సైజులో ప్రింటు వేయించి పాత ఫ్రేము పక్కనే పెట్టాను. అమ్మ ఏమీ అనలేదు. సాయంత్రం నేను వంటింట్లోంచి వస్తుంటే దాని ముందు నిలబడి ఉంది, వేలు ఆ నీడ మోచేతి మీద పెట్టి. "కదలకు, కదలకు అంటూ తనే కదిలేవాడు" అంది. అందుకే ఆ ఎడమ మోచేయి దగ్గర కాస్త మసకగా ఉంది, నేను అది స్కానర్ ఫోకస్ తప్పు అనుకుని మూడుసార్లు తీశాను.

ఇంకా ఒక కవరు నెగటివ్‌లు మిగిలాయి. హోల్డర్‌కి క్లిప్పు బదులు టేపు అంటించి నడిపిస్తున్నాను.